నాన్న పుస్తకం అంచున: 1350 నాటి ఒక ఐరిష్ జడ్జి కేస్ స్టడీ

పాత కట్ట ఏదైనా చేతికొస్తే నేను ముందు మార్జిన్లు చూస్తాను. చాలా ఏళ్ళుగా జిల్లా కోర్టులో సివిల్, ఫ్యామిలీ కేసులు చూస్తూ అలవాటైపోయింది. ప్లెయింటులో, అంటే దావా కాయితంలో, ఉండేది క్లయింటు చెప్పుకున్న కథ. లాయరు మనసులో మాట పక్కన పెన్సిల్ గీతల్లో ఉంటుంది: 'సాక్షి తడబడతాడు', 'రసీదు లేదు', 'మళ్ళీ వాయిదా'. ఈసారి రాస్తున్న కేసు నా ఆఫీసులోది కాదు, నా దేశంలోదీ కాదు. అయినా మార్జిన్ దగ్గరే మొదలైంది.

ఫైలు డబ్లిన్‌లో, ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఉంది. నంబరు 1316. తోలు మీద రాసిన పాత ఐరిష్ న్యాయగ్రంథం. 1350లో, క్రిస్మస్ రాత్రి, ఒక కుర్రాడు దాని అంచున నాలుగు ముక్కలు రాసుకున్నాడు. సారాంశం ఇది: క్రీస్తు పుట్టి ఈ రాత్రికి 1350 ఏళ్ళు. ఐర్లాండుకి తెగులు (ప్లేగు) వచ్చి ఇది రెండో ఏడు. నాకు ఇరవై ఏళ్ళు. నేను కోనర్ కొడుకు ఏద్‌ని. ఇది చదివినవాళ్ళు నా ఆత్మ కోసం ఒక ప్రార్థన చెయ్యండి. నన్ను నేను భూమ్యాకాశాల రాజు రక్షణలో పెట్టుకుంటున్నాను, నన్నూ నావాళ్ళనూ ఈ తెగులు దాటించమని వేడుకుంటున్నాను. ఇంత రాసి, చివర్లో మళ్ళీ తన గురించే వేరే ఎవరో చెబుతున్నట్టు ఒక వాక్యం చేర్చాడు: ఏద్ దీన్ని తన సొంత నాన్న పుస్తకంలో రాశాడు, పెద్ద తెగులు వచ్చిన ఏట.

ఏద్ ఇంటిపేరు మక్ ఈగన్. ఇంగ్లిష్ పుస్తకాల్లో హ్యూ మెకీగన్ అని కనిపిస్తాడు. 1330 ప్రాంతంలో పుట్టాడు, 1359లో పోయాడు. వృత్తి బ్రెహన్, అంటే ఐరిష్ సంప్రదాయ న్యాయం చదివి తీర్పు చెప్పేవాడు. జడ్జి అని రాసేస్తున్నాను గానీ ఆ మాట పూర్తిగా అతకదు. బ్రెహన్ వెనక పోలీసు లేడు, అమీనా లేడు, జైలు లేదు, ఖజానా నుంచి జీతం లేదు. పోనీ మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర పెద్దమనిషి లాంటివాడు అనుకుందామా అంటే అదీ కుదరదు. పెద్దమనిషి తనకి తోచిన న్యాయం చెప్తాడు. బ్రెహన్ మాత్రం గ్రంథం చూపించాలి. జైలూ జవానూ లేనిచోట తీర్పుకి విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ కేసులో నేను పెట్టుకున్న ఇష్యూ అదొక్కటే.

ఇల్లే లా కాలేజీ

మక్ ఈగన్లది న్యాయం వంశవృత్తిగా ఉన్న కుటుంబం. ఐర్లాండులో షానన్ నది అటూ ఇటూ, కనాక్ట్‌లోనూ ఆర్మండ్‌లోనూ వీళ్ళ శాఖలు ఉండేవి. స్థానిక ప్రభువులు వీళ్ళకి భూములిచ్చి తమ దగ్గర బ్రెహన్లుగా పెట్టుకునేవారు. ఆస్థాన పండితుడికి మాన్యం ఇచ్చినట్టన్నమాట. ఏద్ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు ఈ వంశంలో గిల్లా న నీవ్ అనే ఆయన కనాక్ట్‌కి ప్రధాన బ్రెహన్. 1309లో తన రాజుతో పాటే హతమయ్యాడు. జడ్జి అంటే యుద్ధానికి దూరంగా కూర్చునే మనిషి కాదు అప్పట్లో. ఆయన వాడుక ఐరిష్‌లో ఒక న్యాయ చేతిపుస్తకం రాశాడు, న్యాయం చదివే కుర్రాడికి బుద్ధులు చెప్తూ ఒక పద్యమూ రాశాడు. జూనియర్లకి బుద్ధులు చెప్పే సీనియర్లు 700 ఏళ్ళ కిందటా ఉన్నారని తెలిసి నాకు కొంచెం ఊరట.

వాడుక భాషలో చేతిపుస్తకం ఎందుకు కావాల్సి వచ్చిందంటే, అసలు గ్రంథాలు అప్పటికే అర్థం కాని స్థితికి వచ్చాయి. ఏద్ చేతిలో ఉన్నది 'షెన్హస్ మార్' అనే సంకలనంలో కొంత భాగం. ఆ పేరుకి పెద్ద సంప్రదాయం అని అర్థం. అందులోని మూలపాఠాలు 7వ, 8వ శతాబ్దాలవి. అంటే ఏద్‌కి అవి ఆరువందల ఏళ్ళ పాత భాష. నన్నయ్య పద్యాన్ని మనం టీకా తాత్పర్యం లేకుండా చదవలేనట్టే. అందుకే ఈ పుస్తకాల పేజీలకి ఒక పద్ధతి ఉంటుంది. మూలం పెద్ద అక్షరాల్లో, పంక్తుల మధ్య చిన్న అక్షరాల్లో టీక, పక్కనా కిందా వ్యాఖ్యానం. ఏద్ పని చేసింది ఇక్కడే. నాన్న పుస్తకంలోని మూలానికి టీక రాస్తూ, రాస్తూ, ఆ రాత్రి ప్రార్థన రాశాడు.

ఈ బడుల తీరు గురించి ఎడ్మండ్ క్యాంపియన్ అనే ఇంగ్లిష్ పండితుడు 1571లో రాశాడు. ఒక్కో గదిలో పదేసి మంది గడ్డి పరుపుల మీద బోర్లా పడుకుని, పుస్తకాలు ముక్కుకి ఆనించుకుని, పాఠం ముక్కలు ముక్కలుగా రాగం తీస్తూ వల్లె వేస్తారట. చాలామంది పాతికేళ్ళు దాటిన దిట్టమైన మగవాళ్ళేనట. ఏళ్ళ తరబడి ఇదే చదువు. రాసిన ఆయన ఎగతాళిగానే రాశాడు. పల్లెల్లో వేదపాఠశాల చూసిన తెలుగువాడికి మాత్రం అందులో నవ్వడానికేమీ కనపడదు.

తీర్పు చెప్పే ముందు తాకట్టు

ఇప్పుడు కెరీర్ సంగతి. పాత పాఠాల్లో జడ్జికి మూడు మెట్లున్నాయి. చేతివృత్తుల వాళ్ళ తగాదాలు తేల్చగలిగినవాడు కింది మెట్టు. సంప్రదాయ న్యాయంతో పాటు కవుల విద్య కూడా తెలిసినవాడు మధ్యమెట్టు. ఈ రెండూ కాక చర్చి న్యాయమూ వచ్చినవాడు పైమెట్టు. అతణ్ణి 'మూడు భాషల జడ్జి' అనేవారు. వాళ్ళ గౌరవ విలువ వరసగా 7, 10, 15 షేద్‌లు. ఒక షేద్ అంటే సగం పాడి ఆవు. గౌరవ విలువ జీతం కాదు. ఎవరైనా ఆ మనిషిని అవమానిస్తే, అతని రక్షణను భంగం చేస్తే కట్టాల్సిన పరిహారానికి అది కొలమానం. ప్రతి స్వతంత్రుడికీ ఇలాంటి విలువ ఒకటి ఉండేది. ఎంత పెద్ద ఒప్పందం చేసుకోవచ్చు, ఎవరికి జామీను ఉండొచ్చు అన్నవి కూడా ఆ విలువను బట్టే. సిబిల్ స్కోరూ పరువూ కలిపేస్తే ఎలా ఉంటుందో అలా.

ఫీజు వ్యాజ్యం విలువలో పన్నెండో వంతు. మనవాళ్ళు వినగానే నవ్వుతారు: జడ్జికి పర్సంటేజా? నిజమే, మన కళ్ళకి అది లంచానికి దగ్గర బంధువులా కనిపిస్తుంది. దాని పక్కనే ఇంకో నియమం ఉంది, అది చూశాకే నా అభిప్రాయం మారింది. తీర్పు చెప్పే ముందు జడ్జి ఐదు ఔన్సుల వెండి తాకట్టు పెట్టాలి, ఈ తీర్పు నిజమని. తీర్పు తప్పని తేలితే నష్టం అతనిదే. తాకట్టు పెట్టడానికి వెనకాడేవాడు ఇక తీర్పులు చెప్పే అర్హత పోగొట్టుకున్నట్టే. ఒక పక్షం వాదన మాత్రమే విని తీర్పు చెప్పినా శిక్షే.

మన దగ్గర జడ్జిలకు 1850 నాటి జ్యుడీషియల్ ఆఫీసర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ రక్షణ ఉంది. తన పరిధిలో సద్భావంతో చేసిన పనికి జడ్జి మీద దావా వెయ్యలేం. అది ఉండాల్సిందే, లేకపోతే ఓడినవాడల్లా జడ్జి మీద కేసు వేస్తాడు. కానీ ఆ రక్షణ ఇచ్చేది రాజ్యం. రాజ్యం లేని చోట, లేదా రాజ్యాలు నూటికి పైగా చిన్న ముక్కలుగా ఉన్న చోట, జడ్జి తన తీర్పుకి తనే జామీను ఉండాలి. వేరే దారి లేదు. నాకు దొరికిన జవాబులో సగం ఇక్కడ ఉంది: బ్రెహన్ తీర్పుకి విలువ ఎందుకంటే అది తప్పయితే ముందు నష్టపోయేది అతనే.

వెండి పోవడం ఒక్కటే కాదు. తప్పుడు తీర్పు చెప్తే చెంపల మీద బొబ్బలు లేస్తాయని వాళ్ళ నమ్మకం. షెన్హస్ మార్‌లో భూమి మీద హక్కు కోరే తీరు గురించిన భాగంలో ఒక కథ ఉంది. షెంఖ అనే జడ్జి ఆడవాళ్ళ భూమి హక్కుల విషయంలో మగవాళ్ళకి వర్తించే గడువులే చెప్పాడు. చెంపలు పొక్కాయి. బ్రీగ్ అనే స్త్రీ ఆ తీర్పును సరిదిద్దింది, సరైన గడువు చెప్పింది, అప్పుడు అతని మొహం మామూలైంది. కట్టుకథే. అయినా ఒక న్యాయగ్రంథం తన మధ్యలో 'జడ్జి తప్పు, ఆమె ఒప్పు' అనే కథని కూర్చోబెట్టుకుని, దాన్ని తరతరాల కుర్రాళ్ళతో వల్లె వేయించడం చిన్న విషయం కాదు. ఓవర్‌రూల్ అనే మాటకి ఇంత చక్కటి బొమ్మ నేనెక్కడా చూడలేదు.

వ్యాజ్యం నడిచే తీరు

వ్యాజ్యానికి ఎనిమిది దశలు. తేదీ పెట్టడం, దారి ఎంచుకోవడం, తాకట్టు పెట్టడం, వాదన, జవాబు, తీర్పు, దాన్ని అందరి ముందూ ప్రకటించడం, ముగింపు. ఇందులో 'దారి' అన్నది ఆసక్తికరం. ఐదు దారులున్నాయి: నిజం, బాధ్యత, న్యాయం, మర్యాద, సరైన విచారణ. ఏ రకం వ్యాజ్యానికి ఏ దారో లెక్క ఉంది. వకీలు ముందే ఎంచుకోవాలి, మధ్యలో దారి మారిస్తే జరిమానా. ప్లెయింటులో ఒక కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకి కారణం) రాసి వాదనలో ఇంకోటి ఎత్తుకునే మా బార్ మిత్రులకి ఈ జరిమానా పెడితే కోర్టు ఫీజు కంటే ఎక్కువ వసూలవుతుంది.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది మాత్రం బాకీ వసూలు. సివిల్ లాయర్లకి తెలిసిన బాధే: డిక్రీ రావడం ఒక ఎత్తు, ఈపీలో, అంటే డిక్రీ అమలు చేయించమనే పిటిషన్లో, డబ్బు చేతికి రావడం ఇంకో ఎత్తు. భారతదేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని అప్పట్లో మనకి పై కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1872లోనే అనేసింది. ఐరిష్ వాళ్ళు ఈ తలనొప్పిని తలకిందులు చేశారు. ముందు జప్తు, తర్వాత విచారణ. జప్తు చేసేది కూడా బాకీ రావాల్సినవాడే.

అయితే ఇష్టం వచ్చినట్టు కాదు. ముందు నోటీసు. తర్వాత కొన్ని రోజుల గడువు. అప్పటికీ కదలకపోతే సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి అతని పశువుల్ని తోలుకురావాలి, బందెలదొడ్డిలో పెట్టాలి. అక్కడ మళ్ళీ గడువు. ఈ లోపు వాడు తాకట్టు పెట్టి వివాదం బ్రెహన్ ముందుకు తేవచ్చు. తేకపోతే ఆ పశువులు కొద్దికొద్దిగా వాడివి కాకుండా పోతాయి. మొదటి రోజు ఐదు షేద్‌ల విలువ, ఆపైన రోజుకి మూడు. ఈ దశకి వాళ్ళు వాడిన మాటకి 'కుళ్ళిపోవడం' అని అర్థం. బాకీదారు కళ్ళముందే అతని ఆస్తి రోజుకింత చొప్పున కుళ్ళుతుంది. వడ్డీ అనే మాట కంటే ఇది గట్టిగా తగులుతుంది. తప్పుడు జప్తు చేసినవాడికీ జరిమానా ఉంది. బ్రెహన్ పని చాలావరకు ఇదే: నోటీసు సరిగా ఇచ్చారా, గడువు ఎన్ని రోజులు, పశువులు ఎవరివి. అంటే మా రోజువారీ పనే.

పశువులు లేని కమ్మరి బాకీ పడితే? అతని దాగలికి ఒక తీగె చుడతారు. బాకీ సంగతి తేలేదాకా దాని మీద సుత్తి పడకూడదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సి.పి.సి.) 60వ సెక్షన్ వృత్తిదారుడి పనిముట్లని జప్తు నుంచి మినహాయించింది, బతుకుతెరువు పోకూడదని. వాళ్ళు పనిముట్టుని తీసుకెళ్ళరు, ఆపుతారు. ఊళ్ళో వాళ్ళందరికీ పొద్దున్నే దాగలి చప్పుడు వినపడదు. ఎందుకు వినపడట్లేదో అందరికీ తెలుస్తుంది. ఏది మంచిదో నేను చెప్పలేను గానీ, ఏది త్వరగా పనిచేస్తుందో చెప్పగలను.

బాకీదారు పెద్ద హోదా ఉన్నవాడైతే నేరుగా పశువులు తోలకూడదు. ముందు అతని వాకిట్లో ఉపవాసం కూర్చోవాలి. ఆ ఉపవాసాన్ని పట్టించుకోకుండా లోపల భోంచేసినవాడు రెట్టింపు కట్టాలి. తాకట్టో జామీనో ఇస్తానన్నా లేవకుండా కూర్చున్నవాడు తన బాకీయే పోగొట్టుకుంటాడు. ఇది చదువుతుంటే తెలుగువాడి నోటికి వచ్చే మాట ఒక్కటే: ధర్నా.

పోలిక నాది కాదు. హెన్రీ మెయిన్ 1862 నుంచి 1869 వరకు కలకత్తాలో వైస్రాయ్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడు. ఇంగ్లండు వెళ్ళాక, అప్పుడప్పుడే అచ్చవుతున్న ఐరిష్ న్యాయగ్రంథాల అనువాదాలు చదివాడు. 1875లో వచ్చిన తన ఉపన్యాసాల పుస్తకంలో ఐరిష్ ఉపవాసాన్నీ మన ధర్నానీ పక్కపక్కన పెట్టాడు. అప్పటికే మన దగ్గర ధర్నా నేరాల్లోకి ఎక్కింది. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి, ఐ.పి.సి.లో 508వ సెక్షన్ తీసి చూడండి: దేవుడి ఆగ్రహం తగులుతుందని నమ్మించి ఒకరి చేత పని చేయించడం నేరం. దాని కింద మొదటి ఉదాహరణే ఒకడు ఇంకొకడి గుమ్మం ముందు ధర్నా కూర్చోవడం. లా చదివే రోజుల్లో ఆ ఉదాహరణ చూసి ఇదేం నేరంరా బాబూ అనుకున్నాను. ఏద్ బడిలో అదే పని ప్రొసీజర్ పాఠం.

నాన్న పుస్తకంలో భార్యాభర్తల లెక్క

ఇదే పుస్తకంలో 'కాన్ లానవ్నా' అనే భాగం కూడా ఉంది. జంటల చట్టం. ఫ్యామిలీ కోర్టులో పని చేసేవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

పెళ్ళిని ఆస్తి ఎవరిదన్న దాన్ని బట్టి విడదీశారు. ఇద్దరూ ఆస్తి తెచ్చుకున్న పెళ్ళి, మగవాడి ఆస్తి మీద ఆడది వచ్చిన పెళ్ళి, ఆడదాని ఆస్తి మీద మగవాడు వచ్చిన పెళ్ళి. ఇల్లరికానికి శాసనంలోనే ఒక అర ఉందన్నమాట. విడిపోయేటప్పుడు లెక్క ఇలా: పాడి మీద వచ్చినదాన్ని మూడు చేస్తారు. భూమికి ఒక వాటా, పశువులకి ఒక వాటా, పనికి ఒక వాటా. భూమి ఎవరిదైతే వాళ్ళు ఆ వాటా తీసుకుంటారు, పశువులదీ అంతే, పని వాటా పని చేసినవాళ్ళకి. ఉన్ని ఇంకా బొచ్చుగానే ఉంటే భార్యకి ఆరో వంతు, దువ్వి ఉంటే మూడో వంతు, నేసి బట్టయి ఉంటే సగం. ఆమె చెయ్యి పడేకొద్దీ ఆమె వాటా పెరుగుతుంది.

మన హిందూ వివాహ చట్టంలో 25వ సెక్షన్ కింద భరణం అడగొచ్చు. 27 కింద పెళ్ళప్పుడు ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల గురించి అడగొచ్చు. కాపురం చేసిన కాలంలో ఆమె ఇంట్లో చేసిన పని ఆస్తిలో ఇంత వాటాగా మారుతుందనే సూత్రం మాత్రం లేదు. భరణం కోసం వచ్చిన ఆడవాళ్ళని క్రాస్‌లో 'మీరేం ఉద్యోగం చేశారు?' అని అడుగుతారు. 'ఇంట్లోనే ఉన్నానండీ' అంటారు. ఆ జవాబు వినపడినప్పుడల్లా నాకు ఈ ఉన్ని లెక్క గుర్తొస్తోంది.

అలాగని అది స్వర్ణయుగం అనుకోవద్దు. ఆడవాళ్ళ సొంత ఒప్పందాలు చాలావరకు చెల్లవు, తండ్రో భర్తో ఒప్పుకోవాలి. పెద్ద పరిహారాలు లెక్కించే కొలమానం పేరు 'కుమల్', మామూలుగా మూడు పాడి ఆవుల విలువ. ఆ మాటకి అసలు అర్థం బానిస స్త్రీ. స్వతంత్రుణ్ణి చంపితే పరిహారం ఏడు కుమల్‌లు. భార్య వాటాని ఉన్ని పోగు దాకా లెక్కగట్టిన చేతులే, మనిషిని కరెన్సీగా కూడా రాశాయి.

పక్కనే ఇంకో కోర్టు

ఏద్ ప్రార్థన రాసిన రాత్రికి డబ్లిన్‌లో ఇంగ్లండు రాజు కోర్టులు ఉన్నాయి. అప్పటి జస్టిషియర్, అంటే ఐర్లాండులో రాజు ప్రతినిధి, థామస్ రోక్బీ. ఆ కోర్టుల్లో రిట్లు, జ్యూరీలు, లాటిన్ రికార్డులు. ఐరిష్ వాడు అక్కడికి వెళ్ళి దావా వేస్తే ప్రతివాది 'ఇతను ఐరిష్ వాడు, నేను జవాబు చెప్పనక్కర్లేదు' అనేవాడు. అది నిరూపితమైతే దావా అక్కడికి సరి. ఐరిష్ వాణ్ణి చంపడం ఆ చట్టం దృష్టిలో ఉరిశిక్ష పడే నేరం కూడా కాదు. 1277లో కొందరు ఐరిష్ వాళ్ళు మాకూ ఇంగ్లిష్ చట్టం ఇవ్వండి, 7,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కడతామని అడిగారు. ఆ సందర్భంలోనే ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్, ఐరిష్ చట్టాలు దేవుడికే అసహ్యమనీ, వాటిని చట్టాలనే అనకూడదనీ రాశాడు. అయినా ఆ హక్కు అందరికీ రాలేదు. మీ చట్టం చట్టం కాదు, మా చట్టం మీకు లేదు. వలసపాలన చదివినవాడికి ఈ వరస కొత్త కాదు.

తమాషా ఏమిటంటే ఇంగ్లిష్ ప్రభువులు చాలామంది సరిహద్దుల్లో తగాదా వస్తే బ్రెహన్ దగ్గరికే వెళ్ళేవారు. త్వరగా తేలుతుంది, పరిహారంతో పోతుంది, ఉరి ఉండదు. ఇది ఎంత ముదిరిందంటే 1366లో కిల్కెన్నీలో చేసిన శాసనం ఇంగ్లిష్ వాళ్ళెవరూ బ్రెహన్ చట్టం వాడకూడదని నిషేధించాల్సి వచ్చింది. వాడకం లేనిదాన్ని ఎవరూ నిషేధించరు. మక్ ఈగన్ల పనికి అంతకు మించిన సర్టిఫికెట్ అక్కర్లేదు. ఏద్ అప్పటికి పోయి ఏడేళ్ళు.

తెగులు

1348 వేసవిలో ప్లేగు డబ్లిన్ పక్క హౌత్ రేవులోనూ ద్రోహెడాలోనూ దిగింది. కిల్కెన్నీలో జాన్ క్లిన్ అనే సన్యాసి చరిత్ర రాస్తున్నాడు. ఆగస్టు నుంచి క్రిస్మస్ దాకా డబ్లిన్‌లోనే 14,000 మంది పోయారని రాశాడు. చచ్చినవాళ్ళ మధ్య చావు కోసం ఎదురుచూస్తూ రాస్తున్నానని చెప్పి, ఒకవేళ ఎవరైనా బతికి ఉంటే ఈ పని కొనసాగించడానికని ఖాళీ తోలు కాగితాలు వదిలిపెట్టాడు. ఆయన రాత 1349లో ఆగిపోయింది.

ఇక్కడే నా ఇష్యూకి మిగతా సగం జవాబు. బ్రెహన్ న్యాయంలో ఏది నిలబడినా మనుషుల మీదే నిలబడింది. ఒప్పందానికి జామీనుదారులు. సరిహద్దుకి సాక్షులు. తీర్పుకి జడ్జి తాకట్టు. చివరికి చట్టానికి కూడా మనుషులే. షెన్హస్ మార్ మొదట్లోనే ఒక ప్రశ్న ఉంటుంది: ఐర్లాండు వాళ్ళ సంప్రదాయాన్ని కాపాడింది ఏది? జవాబు: పెద్దవాళ్ళ ఉమ్మడి జ్ఞాపకం, ఒక చెవి నుంచి ఇంకో చెవికి అందించడం, కవుల గానం. పవిత్ర గ్రంథం దానికి తోడైందట, ప్రకృతి ధర్మం బలం ఇచ్చిందట, అవి ఆ తర్వాతి మాటలు.

దీన్ని తెగులు పక్కన పెట్టి చదవండి. ఊళ్ళో పెద్దవాళ్ళు పోతే సరిహద్దు పోయినట్టే. జామీనుదారు పోతే బాకీకి వెన్నెముక లేదు. మా రికార్డ్ రూంకి చెద పడితే సర్టిఫైడ్ కాపీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కరోనా రోజుల్లో కూడా మనకి కోర్టులు మూతబడ్డాయి, సాక్షులు పోయారు, పోయినవాళ్ళ వారసుల్ని కేసులో చేర్చమనే ఎల్‌.ఆర్. పిటిషన్లు కుప్పలుగా వచ్చాయి, కానీ కాయితాలు మిగిలాయి. బ్రెహన్ కోర్టులో రికార్డ్ రూం అంటే మనిషి తలకాయ. ఆ తలకాయకి ప్రాణభయం పట్టుకుంది.

అందుకే ఆ ప్రార్థనలో ఒక మాట దగ్గర నేను మళ్ళీ మళ్ళీ ఆగుతాను. నన్ను నేను రాజు రక్షణలో పెట్టుకుంటున్నాను అన్నాడు. భక్తుడి మాటలా ఉంది, నిజమే. కానీ రాస్తున్నవాడు న్యాయం చదివినవాడు. అతని చట్టంలో రక్షణ ఇవ్వడం ఒక హక్కు. స్వతంత్రుడైన మనిషి తనతో సమానుడికో తనకంటే కింది హోదా వాడికో రక్షణ ఇవ్వొచ్చు. ఆ రక్షణలో ఉన్నవాణ్ణి తాకితే, ఇచ్చినవాడి గౌరవ విలువ మొత్తం కట్టాలి. హోదా ఎంత పెద్దదైతే రక్షణ అంత గట్టిది. తెగులు ముందు ప్రభువు రక్షణ పనికిరాదు, నాన్న హోదా పనికిరాదు. అన్నిటికంటే పై హోదా ఉన్న రాజు ఎవరో చూసి ఆ గొడుగు కిందికి వెళ్ళాడు. తేదీ వేశాడు, వయసు రాశాడు, తండ్రి పేరు రాశాడు, ఏ పుస్తకంలో రాస్తున్నాడో కూడా రాశాడు. మేం అఫిడవిట్‌లో రాసే వరస ఇదే. ఇది నా చదువు, చరిత్రకారులు ఒప్పుకోవాలని లేదు. డ్రాఫ్టింగ్ చేసేవాడి కంటికి మాత్రం అలాగే కనిపిస్తుంది.

ఏద్ ఆ తెగులు నుంచి బయటపడ్డాడు. ఏడాది తిరిగాక అదే రాత్రి అదే పేజీ తీశాడు. కింద అంచున ఈ ముక్కలు రాసి ఈ రాత్రికి ఏడాది అని రాశాడు. దేవుడు తలిస్తే ఈ రాత్రిని మళ్ళీ వచ్చే ఏడు కూడా చూడనివ్వమన్నాడు. ఆమెన్ అని ముగించి, పరలోక ప్రార్థన మొదటి మాట రాశాడు. సగం వాదన అయ్యాక మేము అడిగేది కూడా ఇదే: ఇంకొక్క వాయిదా.

వాయిదా ఎనిమిదేళ్ళు దొరికింది. ముప్పై అటూ ఇటూగా, 1359లో పోయాడు. వార్షిక చరిత్రల్లో ఆ ఏడు కింద కోనర్ కొడుకు ఏద్ మక్ ఈగన్ చనిపోయాడని, న్యాయవిద్యలో చెప్పుకోదగ్గ మనిషిగా, అతని పేరు ఎక్కింది. అతను చెప్పిన తీర్పులు ఎవరో విన్నారు, ఎవరో పశువులు తోలుకెళ్ళారు, ఎవరో వదిలేశారు. కాయితం మీద మిగలలేదు. మిగిలింది పుస్తకం. అతని వంశం వాళ్ళు ఆ తర్వాత కూడా దాదాపు మూడువందల ఏళ్ళు న్యాయం చదివారు, పుస్తకాలు దాచారు. 1608లో ఇంగ్లిష్ కోర్టు ఐరిష్ వారసత్వ పద్ధతిని కొట్టేశాక బ్రెహన్లకి చెప్పడానికి తీర్పులు లేకుండా పోయాయి. 1630లలో నలుగురు పండితులు ఐర్లాండు చరిత్ర మొత్తాన్ని ఒకచోట చేర్చి, ఇది సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టమని షానన్ ఒడ్డున ఉన్న ఫ్లాన్ మక్ ఈగన్ దగ్గరికి వెళ్ళారు. ఆయన చదివాడు, సంతకం పెట్టాడు.